బదనిక కానిది

లోకములో పేరు పెట్టుట మిక్కిలి సులభమైన పని. పేరు పెట్టినదానిని చూచుట కష్టమైన పని. ఒకసారి పేరు పెట్టిన పిమ్మట ఆ వస్తువు వంక మరల చూడవలసిన అవసరము లేదని మన మనస్సు తీర్మానించుకొనును. ఈ సంగతిని మేము బడిలో ప్రతిదినమును చూచుచున్నాము. ఒక పిల్లవానికి మొద్దు అని పేరు పడెనా, వాడు సరియైన సమాధానము చెప్పినను ఉపాధ్యాయుని చెవికి అది తప్పుగనే వినబడును. ఈ మారు మేము వ్రాయబూనినది ఒక మొక్కను గూర్చి. చదువరులు దీనిని వట్టి తోటపని వ్యాసమని త్రోసివేయవలదు. తోటపనితో సంబంధము లేని వ్యాసమనియు అనుకొనవలదు.

మా యింటి తూర్పు వసారాలో టేకుపలకకు కట్టబడిన ఫెర్ను మొక్క యొకటి గోడకు వ్రేలాడుచున్నది. దానిని ఆరేండ్ల క్రిందట కడియపులంక తోటలలో కొని తెచ్చితిమి. ఆంగ్లమున దానిని స్టాగ్‌హార్న్ ఫెర్ను అందురు. ఆకులు దుప్పికొమ్ములవలె చీలి క్రిందికి వ్రేలుచుండుటచే ఆ పేరు వచ్చినది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ప్లాటిసీరియం బైఫర్కేటం. ప్లాటిసీరియం అనగా గ్రీకున వెడల్పైన కొమ్ము. బైఫర్కేటం అనగా లాటిను భాషలో రెండుగా చీలినది. ఈ ప్రజాతిలో సుమారు 18 జాతులు కలవు. మా యింటనున్నదాని పుట్టినిల్లు తూర్పు ఆస్ట్రేలియా ప్రాంతము. మన దేశపు అడవులలో తనంతట తాను పెరుగు జాతి యొక్కటే. అది మణిపూరున కలదు. ఒకప్పుడు కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా నుండిన నథేనియల్ వాలిచ్ పేర దానికి ప్లాటిసీరియం వాలిచియై అని నామకరణము చేసిరి.

పలకను గోడకు తగిలించిన వారమున మా పినతండ్రిగారు చూడవచ్చిరి. మొక్కను ఎగాదిగా చూచి, "డబ్బులిచ్చి బదనికను కొనుక్కొచ్చావట్రా? ఇంట్లో ఒకటి ఉన్నది చాలలేదా?" అని నవ్విరి. ఆ సమయమున మా మేనత్త ఆయనకు కాఫీ తెచ్చి గుమ్మములో నిలిచియున్నది. ఆమె గ్లాసును బల్లపై నుంచి లోనికి పోయెను. ఆ మాట ఆమెకు క్రొత్తది కాదు. ఇరువదిరెండవ యేట భర్తను పోగొట్టుకొని 1976లో పుట్టింటికి తిరిగివచ్చిన నాటినుండి ఆమె దానిని వినుచునే యున్నది.

ఆ యొక్క మాటలో రెండసత్యములు కలవు. ఒకటి మొక్కను గూర్చినది; రెండవది మనిషిని గూర్చినది. ముందు మొక్కను విచారింతము.

అమరకోశమున బదనికకు చెప్పబడిన పర్యాయపదములలో వృక్షాదని, వృక్షరుహ అను రెండు పదములు ఒకదాని సరసన ఒకటి కలవు. వృక్షాదని యనగా చెట్టును తినునది. వృక్షరుహ యనగా చెట్టుపై మొలచునది. కోశకారుడు ఈ రెంటిని ఒకే మొక్కకు చెప్పుటలో దోషమేమియు లేదు. బదనిక చెట్టుపై మొలచును, చెట్టు రసమును త్రాగును. అయితే చెట్టుపై మొలచినదెల్లయు చెట్టును తినునని పాఠకుడు తలపోసినచో అది పాఠకుని దోషము. మన పాఠ్యపుస్తకములు చెట్టును తినువానిని పరాన్నజీవులనియు, చెట్టుపై వట్టిగా నిలుచువానిని వృక్షోపజీవులనియు వేరుచేసినవి. కాని ఉపజీవించుట యనగా మరియొకరిపై ఆధారపడి బ్రతుకుటయే కావున, ఆ రెండవ పేరులోను నింద కొంత అంటుకొనియే యున్నది. ఆంగ్లపదము ఎపిఫైట్ ఈ విషయమున మేలు; దానికి మొక్కపైనున్న మొక్క యని తప్ప వేరర్థము లేదు. ఇక పారసైట్ అను పదము యొక్క చరిత్ర విచిత్రమైనది. గ్రీకున దాని యర్థము భోజనమువద్ద ప్రక్కన కూర్చుండువాడని. ఏథెన్సులో దేవాలయపు విందులలో పాల్గొను గౌరవనీయులకు ఆ పేరుండెడిదట. తరువాతనే అది తిండికై ముఖస్తుతి చేయువాని పేరయ్యెను. ప్రక్కన కూర్చుండి తిన్నవాడు పరులసొమ్ము తిన్నవాడగుటకు ఎంతో కాలము పట్టలేదు.

మాటలనుండి మొక్కలకు వత్తము. మామిడితోటలలో పెరుగు బదనిక గింజ జిగురుతో కూడినది. పిట్టలు పండును తిని గింజను కొమ్మపై విడువగా అది అంటుకొని మొలచి, వేరువంటి మేకును బెరడులోనికి దింపి, చెట్టులోని నీటిని లవణములను పీల్చుకొనును. అయినను దానికి పచ్చని ఆకులు కలవు; ఎండ సాయమున తన యాహారమును చాలవరకు తానే వండుకొనును. అనగా అసలు బదనికయు సగమే దొంగ. సీతమ్మ పోగునూలు అని మనవారు పిలుచు ఆకులేని పసుపుదారపు తీగ పూర్తి దొంగ. ఇక మా దుప్పికొమ్ముల ఫెర్ను చెట్టులోనికి మేకు దింపదు. దాని వేళ్లు బెరడును పట్టుకొనునే కాని దానిలోనికి చొరవు. వాననీరు, గాలిలోని తేమ, పైనుండి రాలిన ఎండుటాకులు క్రుళ్లగా వచ్చు సారము—ఇవియే దాని యాహారము. చెట్టునుండి అది కోరునది నిలువ చోటు, అడవిలో వెలుతురునకు సమీపమైన ఎత్తు. చాల పెద్దదై నీరు త్రాగి బరువెక్కినపుడు కొమ్మ విరుగుటయు కలదు. ఆ మాట దాచనక్కరలేదు. కాని బరువగుట వేరు, దోచుకొనుట వేరు. అందులకు మా పలకయే సాక్షి. ఎండిన టేకుచెక్కలో పీల్చుకొనుటకు రసమెక్కడిది? ఆరేండ్లుగా మొక్క పెరుగుచునే యున్నది.

పైగా ఇట్టి మొక్కలు ఇతరులకు ఇచ్చునది కొంచెము కాదు. పక్షిగూడు ఫెర్ను అని పిలువబడు ఆస్ప్లేనియం నైడస్ దీనికి దూరపు బంధువు. అదియు చెట్లపై గంపవలె పెరిగి ఆకులను రాలినవానిని రాలినట్లు పట్టి దాచుకొనును. బోర్నియో ద్వీపములోని సబా రాష్ట్రమున డానమ్ లోయలో ఎల్‌వుడ్, ఫాస్టర్ అను పరిశోధకులు ఈ గంపలను దింపించి వానిలోని పురుగులను తూచిరి. ఒక్కొక్క పెద్ద మొక్క 200 కిలోల బరువు వరకు తూగును. వారు 2004లో నేచర్ పత్రికలో ప్రకటించిన ఫలితమేమనగా, ఈ ఫెర్నులలోని ప్రాణులను లెక్కించినచో అడవి పైకప్పున నివసించు వెన్నెముకలేని జీవుల మొత్తపు బరువు అంతకుముందు అనుకొన్నదానికి రెట్టింపగును. చెట్టుపై నూరకే కూర్చున్నదని మన మనుకొన్న మొక్క ఒక గ్రామమునకు అన్నము పెట్టుచున్నది.

ఇక పెంపకమును గూర్చి. ఈ మొక్కకు రెండువిధములైన ఆకులుండును. కొమ్ములవలె వ్రేలాడునవి ఒకవిధము. మొదట గుండ్రముగ డాలువలె పలకను కరచుకొని యుండునవి రెండవవిధము. డాలాకులు మొదట పచ్చగా నుండి కొన్ని నెలలకు గోధుమరంగునకు తిరిగి కాగితమువలె ఎండిపోవును. చూచినవారెల్లరు "ఎండిపోయినవి పీకెయ్యండి" అని సలహా చెప్పుదురు. పీకరాదు. ఎండిన ఆ డాలుల పొరలే వేళ్లకు కప్పు. అవియే వాననీటిని నిలుపు స్పంజి. వాని వెనుకనే క్రొత్త వేళ్లు దాగును. వానిని శుభ్రత పేర పీకినవాడు మొక్క గుండెను తెరచినవాడగును. అట్లే కొమ్ములాకులపై బూడిదవంటి తెల్లని నూగు కలదు. అది దుమ్ము కాదు, సన్నని రోమములు. నీరు ఆవిరియై పోకుండ అవి కాపాడును. గుడ్డతో తుడువరాదు.

మట్టి అక్కరలేదు. పలకపై నానవేసిన కొబ్బరిపీచును గుప్పెడు మందమున పరచి, మొక్కను దానిపై నుంచి, నైలాను దారముతో డాలాకులమీదుగా కట్టవలెను. నడుమనున్న చిగురుకన్ను పై దారము పడరాదు; పీచు దానిని కప్పరాదు. కట్టిన కొన్ని నెలలకు క్రొత్త డాలాకు వచ్చి దారమును తానే మూసివేయును.

నీరు పోయు పద్ధతి మా మేనత్త కనిపెట్టినది. వారమునకిన్ని సారులని పుస్తకములు చెప్పును. గోదావరి తీరపు వైశాఖమునకు, శ్రావణమునకు ఒకే లెక్క ఎట్లు సరిపడును? ఆమె పలకను రెండు చేతులతో నెత్తి చూచును. తేలికగా నున్నచో దప్పిక; బరువుగా నున్నచో ఇంకను కలదు. తేలికైనపుడు తొట్టిలో పావుగంట నానవేసి, నీరోడిన పిదప తగిలించును. ఎండకాలమున ఇది వారమునకు మూడుసారులగును. ముసురు పట్టిన రోజులలో అసలే అక్కరలేదు. నిత్యము తడిగా నుంచినచో డాలాకుల మొదట నల్లని మచ్చలు పడి కుళ్లు ప్రవేశించును. దప్పికకన్న ముంపు దీనికి ఎక్కువ ప్రమాదము. ఉదయపు నీరెండ మంచిది. పడమటి యెండ ఆకులను కాల్చును. గాలి ఆడు చోటు ఉండవలెను. నెలకొకసారి, పెరుగు దినములలో మాత్రము, ఎరువును చెప్పినదానిలో నాలుగవవంతు బలముతో నీట కలిపి ఇచ్చిన చాలును. పొలుసుపురుగు పట్టినచో తడిదూదితో ఒక్కొక్కటి తీసివేయుట మేలు. నూనె మందులు ఫెర్నులకు తరచుగా పడవు.

ఫెర్నునకు పువ్వు లేదు, గింజ లేదు. కొమ్ముల కొనల అడుగున గోధుమరంగు మఖమలువంటి పట్టీ వచ్చును. అది సిద్ధబీజముల గుంపు. వానిని మరుగునీట శుభ్రపరచిన తడి ఇటుకముక్కపై చల్లి గాజుసీసాలో మూసియుంచినచో కొన్ని వారములకు పచ్చని పొర ఏర్పడును. ఆ పొరపై పలుచని నీరున్నచో పుంబీజకణములు ఈదిపోయి స్త్రీబీజకణమును కలియును. అటుపై కాని ఫెర్ను పిల్ల పుట్టదు. దానికి ఓర్పు కావలెను. ఓర్పు లేనివారు తల్లి ప్రక్కన వచ్చు పిలకలను, వానికి అరచేయంత డాలాకు వచ్చిన తరువాత, వేళ్లతో సహా కోసి వేరొక పలకకు కట్టుకొనవచ్చును. ఇన్ని మార్గములుండగా అడవి చెట్లపైనున్నవానిని ఊడబెరికి తెచ్చి అమ్మువారివద్ద కొనుట తగదు.

ఇంతవరకు మొక్కను గూర్చిన అసత్యము. ఇక రెండవది.

మా తాతగారు బీదవారి బిడ్డ. ఏడు ఇండ్లలో వారములు చేసికొని చదివిరి; సోమవారము ఒకరి అరుగుపై, మంగళవారము మరియొకరి వంటింట. గ్రీకువారి మాటలో చెప్పినచో ఆయన అక్షరాల పారసైటు. అట్లు చదివి, ఉద్యోగము చేసి, స్వార్జితముతో నాలుగెకరముల మాగాణి కొని, 1988లో వీలునామా వ్రాయకుండ కాలధర్మము నొందిరి. మా నాయనమ్మ అంతకు పూర్వమే పోయినది. మిగిలినవారు ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేని స్వార్జితమున కుమార్తెకు కుమారునితో సమభాగము. కావున తలకొక ఎకరము. జరిగిన దేమనగా, ముగ్గురన్నదమ్ములు ఎకరము ముప్పదిమూడు సెంట్లు చొప్పున పంచుకొనిరి. చెల్లెలిచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించిరి. "నీకు తిండికి లోటా? మేము లేమా?" అనిరట. ఆమె సంతకము చేసెను. అప్పటికి ఆ యింట పన్నెండేండ్లుగా వేకువన నాలుగు గంటలకు లేచి, పన్నెండుమందికి వండి, మంచమునబడిన తల్లికి కడవరకు సేవచేసి, మమ్ములను మా తోడివారిని పెంచినది ఆమెయే. జీతమిచ్చి ఆ పని చేయించినచో ఎంతయగునో లెక్క కట్టినవారు లేరు. ఆమె తిన్న మెతుకులకు మాత్రము అందరివద్ద లెక్క కలదు.

మా తండ్రిగారు గతించిన తరువాత పెట్టెలోని కాగితములు చూచుచుండగా ఆ పత్రము మా చేతబడినది. సంతకము వంకరటింకరగా నున్నది. బదనిక యని పిలువబడినది ఎవరి సొమ్మును తినలేదు. ఆమె సొమ్మును ముగ్గురు తినిరి. తినినవారే ఆ పేరు పెట్టిరి. పేరు పెట్టుటలో నున్న సౌకర్యమిదియే: ఒకరిని పరాన్నజీవి యన్న తరువాత ఆ అన్నము ఎవరిదని యడుగువాడుండడు.

ఈ విషయమును మా బడిలో ఒక మిత్రునితో ప్రస్తావించినపుడు, ఆయన మొక్కనే మాపై సాక్షిగా నిలిపెను. 2021లో ఎకాలజీ పత్రికయందు న్యూజీలాండుకు చెందిన కెవిన్ బర్న్స్, మరికొందరు వ్రాసిన సంగతి ఆయన చదివియుండెను. ఆస్ట్రేలియాకు తూర్పుననున్న లార్డ్ హౌ ద్వీపమున ఇదే దుప్పికొమ్ముల ఫెర్ను గుంపులుగ పెరుగును. గుంపులో పైభాగముననున్న మొక్కల ఆకులు మైనము పూసినట్లుండి వాననీటిని మళ్లించును; దిగువనున్న వాని ఆకులు స్పంజివలె పీల్చుకొనును; చాల మొక్కలు సిద్ధబీజములనే కనవు. తేనెపట్టులోవలె ఇక్కడను పనుల పంపకము కలదేమో యని పరిశోధకులు సూచించిరి. మా మిత్రుడు, "చూశారా మాస్టారూ! పైవాడు పైన, కిందివాడు కింద. చెట్లు కూడా ఒప్పుకున్న ధర్మమండీ ఇది" అనెను.

మేము చెప్పిన సమాధానమిది. ఆ గుంపులలోని మొక్కలు చాలవరకు ఒకే మొక్కనుండి పిలకలుగ వచ్చినవి. వానిలో ఉత్తమవంశము, అధమవంశము లేదు. కూర్చున్న చోటునుబట్టి పనియే కాని, పుట్టుకనుబట్టి కాదు. పైనున్నది నీటిని తన దగ్గర కట్టివేసికొనదు, దిగువకు పంపును. ఈ ధర్మము కావలెనన్నచో పైవారు మొదట నీరు వదలవలెను. మా మిత్రుడు నవ్వి యూరకుండెను. అయితే మేము ఇంకొక మాటయు చెప్పవలసియున్నది. మొక్కలను ధర్మశాస్త్రముగ చదువుట మాకును సమ్మతము కాదు. ఫెర్ను చెట్టును దోచుకొనదు కావున మేనత్తకు భాగమీయవలెను అనుట తర్కము కాదు. ఫెర్ను దోచుకొనెడిదే యైనను ఆమె భాగము ఆమెదే. నిజముగ ఒకరి అన్నము తిని బ్రతుకు వృద్ధులు, రోగులు, పసివారు కలరు. వారిని పోషించుటకు వారు దుప్పికొమ్ముల ఫెర్నులని నిరూపింపనక్కరలేదు. మొక్క మాకు నేర్పినది ధర్మము కాదు, చూపు. వేరు ఎక్కడికి పోవుచున్నదో, నీరు ఎటునుండి ఎటు ప్రవహించుచున్నదో చూడక నోట పేరు తేరాదను నియమము మాత్రమే.

చూచిన పిమ్మట ఊరకుండుట చూడకుండుటకన్న హీనము. మా తండ్రిగారి వంతులో నధికముగ వచ్చిన ముప్పదిమూడు సెంట్లు 2023లో మా మేనత్త పేర రిజిష్టరు చేయించితిమి. ఇది దానము కాదు. తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్చుట మన ధర్మమే. తక్కిన రెండు వంతులవారు మా మీద కోపముతో నున్నారు. మంచిని చేసి వీధిని పడినావని ఒకరు, పాతవి త్రవ్వకుమని మరియొకరు అనుచున్నారు. మా మేనత్త సైతము మొదట, "ఈ వయసులో నాకెందుకురా ఆ పొలం?" అనెను. మేము బదులు చెప్పలేదు. పాసుపుస్తకమును ఆమె చేతికిచ్చితిమి. ఆమె దానిని చాలసేపు పట్టుకొని, తేలికో బరువో చూచునట్లు అరచేతిలో కొంచెము ఎత్తి చూచెను.

ఆ గట్టుపై నాలుగు కొబ్బరిచెట్లు కలవు. మొన్న పిలకను వేరుచేసి క్రొత్త పలకకు కట్టునపుడు ఆమె, "పీచు కొనకు. నా చెట్టుదే ఉంది" అనెను. నా అను మాటను ఆమె నోట ఒక వస్తువును గూర్చి మేము వినుట అదియే మొదటిసారి. ఆమెకు డెబ్బదియేండ్లు దాటినవి.

చదువరులారా! మీ యింటను ఒక పాత ఇనుపపెట్టె యుండును. దానిలో ఒక చెల్లెలిదో, ఒక మేనత్తదో వంకరటింకర సంతకముండును. ఆమెకు మీ యింట ఏదో పేరుండియుండును. ఒక దినము తీరిక చేసికొని ఆ పెట్టెను తెరవుడు.